గొణుగుడు వేరు, సణుగుడు వేరు

"ఏంటా గొణుగుడు? ఏదో గట్టిగా చెప్పి చావు" అనే మాట తెలుగిళ్లలో రోజూ వినిపించేదే. ఆ "గొణుగుడు" స్థానంలో "సణుగుడు" పెడితే తిట్టు మారిపోతుంది. "నసుగుడు" పెడితే తిట్టు కాదు, నిలదీత అవుతుంది. నిఘంటువు తెరిస్తే మాత్రం ఈ మూడూ ఒకదానికొకటి పర్యాయపదాలుగా కనిపిస్తాయి. గొణుగు అంటే సణుగు అని, సణుగు అంటే గొణుగు అని ఉంటుంది. చదివినవాడు మొదటికే వస్తాడు. అనువాదాల్లోనూ సబ్‌టైటిళ్లలోనూ స్పష్టత లేని ప్రతి మాటా "గొణిగాడు" అయిపోవడానికి ఇదొక కారణం.

ఈ మూడింటినీ విడదీయడానికి పాండిత్యం అక్కర్లేదు. వాక్యంలో పెట్టి చూస్తే చాలు.

మొదటి పరీక్ష "మీద". "పొద్దుట్నుంచి నా మీద సణుగుతోంది" అంటాం. "నా మీద గొణుగుతోంది" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. "నా మీద నసుగుతోంది" అసలు కుదరదు. ఎందుకంటే సణుగుడికి గురి ఉంటుంది. ఒక మనిషో, ఒక పనో, చాలని జీతమో, ఉప్పెక్కువైన పప్పో, ఏదో ఒకదాని మీద అసంతృప్తి ఉండాలి. గొణుగుడికి అది ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నిద్రమత్తులో ఉన్న పిల్లాడు ఏదో గొణుగుతాడు, వాడికి ఎవరి మీదా కోపం లేదు. పోయిన తాళంచెవి వెతుకుతూ "ఇక్కడే కదా పెట్టాను" అని గొణుక్కుంటాం, అదీ కోపం కాదు.

రెండో పరీక్ష "కొను". గొణుక్కుంటూ వెళ్లాడు అంటాం. సణుక్కుంటూ అంట్లు తోమాడు అంటాం. నసుక్కుంటూ అనేది మాత్రం వినపడదు. తెలుగులో "కొను" చేరితే ఆ పని తిరిగి చేసినవాడి వైపే వస్తుంది. తనలో తాను గొణుక్కోవచ్చు, తనలో తాను సణుక్కోవచ్చు. నసగడానికి మాత్రం ఎదురుగా ఒకరుండాలి, వాళ్లు ఏదో అడిగి ఉండాలి, మనకు చెప్పడం ఇష్టం లేకపోవాలి. ఖాళీ గదిలో ఎవరూ నసగరు. "మరి... అంటే... అదేంటంటే..." అని మొదలుపెట్టి ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం, అదీ నసగడం. అందులో గొంతు తగ్గాల్సిన పని కూడా లేదు. ప్రతి అక్షరమూ స్పష్టంగా పలుకుతూనే నసగొచ్చు. నీళ్లు నమలడం అన్నా దాదాపు ఇదే.

కాబట్టి లెక్క ఇలా తేలుతుంది. గొణుగుడులో అస్పష్టత నోట్లో ఉంది. సణుగుడులో అసలు సంగతి మనసులో ఉంది, నోరు దాన్ని సగం మూసి సగం వదులుతుంది. నసుగుడులో అస్పష్టత విషయంలో ఉంది. ఒకే వాక్యంలో మూడూ జరగవచ్చు, అది వేరే సంగతి.

ఇక గొణుగు అనే మాట నిర్మాణం చూద్దాం. తెలుగు క్రియల్లో ఇదొక ముచ్చటైన నమూనా. గొణుగుతుంది, గొణిగింది, గొణగడం: నడిమి అచ్చు మూడు చోట్లా మూడు రకాలు. తర్వాత వచ్చేది ఇకారమైతే గొణిగి అవుతుంది, అకారమైతే గొణగ అవుతుంది, లేకపోతే ఉకారం అలాగే ఉంటుంది. కడుగు, కడిగి, కడగడం ఎలాగో ఇదీ అంతే. సణుగు, నసుగు, మూలుగు కూడా ఈ బాటే పడతాయి. అందుకే "గొణుగడం" అని రాస్తే చదివేవాడి నాలుక ఒక్క క్షణం తట్టుకుంటుంది. గొణుగుకొను అన్నది గొణుక్కొను కావడం కూడా అడుక్కొను, కడుక్కొనులో జరిగిన మార్పే: గు, కొ కలిసి క్కొ.

అచ్చుల మార్పు సంగతి అలా ఉంచితే, అసలు మాట పుట్టింది మాత్రం చప్పుడు నుంచి. గొణగొణ అనే అనుకరణ పదం పక్కనే ఉంది. కన్నడంలోనూ గొణగు అనే అంటారు, అర్థం కూడా మనదే. మరి ఈ చప్పుడుకి ణకారం ఎందుకు పట్టింది? పెదవులు సరిగా తెరవకుండా మాట్లాడితే గాలి నోటి నుంచి బయటికి రాలేక ముక్కు వైపు తిరుగుతుంది. అప్పుడు వినిపించేది న, ణ, మ లాంటి అనునాసికాలే. తమిళంలో ఇదే పనికి ముణుముణు అన్న మాట ఉంది, మూలగడాన్నీ సన్నగా గొణగడాన్నీ మునగు అంటారు. మన సణుగు, నసుగు, మూలుగుల్లోనూ ఈ ముక్కుగాలి తగులుతుంది, మూలుగులో మొదటి అక్షరమే మకారం. అందరూ ఇలాగే విన్నారా అంటే లేదు. మలయాళంలో పిఱుపిఱు అంటారు, మరాఠీలో పుట్‌పుట్‌ణే, హిందీలో బుద్‌బుదానా. వాళ్లు పెదవుల కదలికను పట్టుకున్నారు, మనం ముక్కులోంచి వచ్చే శబ్దాన్ని పట్టుకున్నాం. చూసిన దాన్నిబట్టి వాళ్లు పేరు పెట్టారు, విన్న దాన్నిబట్టి మనం పెట్టాం అనిపిస్తుంది. ఇది నా ఊహే అనుకోండి.

ణకారం గురించి ఇంకో ముక్క. చాలా ప్రాంతాల్లో మాట్లాడేటప్పుడు ణ, న తేడా చెరిగిపోయింది కాబట్టి "గొనుగు", "సనుగు" అని రాసేవాళ్లు ఎక్కువయ్యారు. పాత్ర నోట్లో పెట్టినప్పుడు అలా రాస్తే తప్పేం లేదు, అది వాళ్ల పలుకు. రచయిత సొంత గొంతులో రాసేటప్పుడు మాత్రం గొణుగు, సణుగు అని ణకారమే ఉంచాలి.

మరో తేడా ప్రాంతాన్నిబట్టి వస్తుంది. తెలంగాణలో చేసుడు, పోవుడు, తినుడు అన్నట్టే గొణుగుడు, సణుగుడు అన్నవి మామూలు క్రియానామాలు. అంటే కోస్తావాళ్లు గొణగడం అనే చోట వాళ్లు గొణుగుడు అంటారు, ఒక్కసారి గొణిగినా సరే. కోస్తాలో మాత్రం "వాడి గొణుగుడు" అనగానే అలవాటు, విసుగు అనే వాసన వస్తుంది. ఇది పట్టించుకోకపోతే ఒక ప్రాంతంవాళ్లు మామూలుగా అన్న మాటలో ఇంకో ప్రాంతంవాళ్లకు వెటకారం వినిపిస్తుంది.

గొణిగితే ఏం పోతుంది? తెలుగులో కొంచెం ఎక్కువే పోతుంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, ఎవరు చేశారన్నది చివరి అక్షరంలో ఉంటుంది. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తారు: మొదటి రెండక్షరాలూ అన్నింటిలో ఒకటే. గొణిగినప్పుడు ముందు ఎగిరిపోయేది చివరిదే కాబట్టి "రేపు వస్తా..." దగ్గర మాట ఆగిపోతుంది. వచ్చేది తనా, మామయ్యా, పెళ్లివారా అన్నది తేలదు. దీనికంటే ప్రమాదం దీర్ఘంతో వస్తుంది. "డబ్బు పంపాను", "డబ్బు పంపను". ఈ రెంటికీ తేడా ఒక్క దీర్ఘం. చెప్పాను, చెప్పను కూడా అంతే. నోరు తెరవకుండా మాట్లాడేవాడు దీర్ఘాన్ని పూర్తిగా సాగదీయడు. ఫోన్ సిగ్నల్ కూడా అంతంతమాత్రంగా ఉంటే పంపినవాడు పంపనన్నట్టు వినిపిస్తాడు. ఇలాంటి చోట "పంపించేశాను" అనో "పంపేది లేదు" అనో అనాలి. అప్పుడు ఒక అక్షరం పోయినా అర్థం పోదు.

గుసగుసలో ఈ ఇబ్బంది తక్కువ. గుసగుసలాడేవాడు గొంతులోని స్వరతంత్రులను కంపింపజేయడు, కానీ పెదవులనూ నాలుకనూ మామూలుకంటే ఎక్కువే కదిలిస్తాడు. అవతలివాడికి అర్థం కావాలన్నదే వాడి ఉద్దేశం, చుట్టుపక్కలవాళ్లకు కాకూడదంతే. గొణిగేవాడు సరిగ్గా దీనికి తిరగేసి: గొంతు పలుకుతూనే ఉంటుంది, నోరే బద్ధకిస్తుంది. అందుకే "చెవిలో గుసగుసగా గొణిగింది" అని కథల్లో చదివినప్పుడు, ఆ అమ్మాయి ఏం చేసిందో ఎవరికీ బోధపడదు.

అస్పష్టంగా మాట్లాడటానికి పేర్లు పెట్టడంలో సంస్కృతం మనకంటే ముందే చాలా దూరం వెళ్లింది. వేదం తప్పు లేకుండా చెప్పించాలన్న పట్టుదల దానికి మూలం. ఉచ్చారణ నేర్పే పాణినీయ శిక్ష అనే గ్రంథంలో ఎలా పలకకూడదో ఒక శ్లోకం నిండా ఉంది. ఉపాంశు అంటే లోలోపల గొణిగినట్టు, దష్టం అంటే పళ్లు బిగబట్టి, త్వరితం అంటే హడావుడిగా, గద్గదితం అంటే తడబడుతూ, ప్రగీతం అంటే పాటలాగా, గ్రస్తం అంటే అక్షరాలు మింగేస్తూ, సానునాస్యం అంటే ముక్కుతో. అదే గ్రంథంలో అక్షరాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పడానికి ఆడపులి ఉపమానం ఉంది. పులి పిల్లలను కోరలతో పట్టుకుని మోస్తుంది. గట్టిగా నొక్కితే గాయపడతాయి, వదులుగా పడితే జారిపోతాయి. అక్షరం కూడా అంతే అంటారు. ఉచ్చారణ గురించి ఇంతకంటే పనికొచ్చే సలహా ఈనాటి వాచకాల తరగతుల్లోనూ దొరకదు.

అమరకోశంలో ఈ జాబితా ఇంకొంచెం దగ్గరగా ఉంది. అక్షరాలో పదాలో ఎగిరిపోతే గ్రస్తం, గబగబా అనేస్తే నిరస్తం, ఉమ్ము తుంపరలతో పలికితే అంబూకృతం, స్పష్టంగా లేనిది మ్లిష్టం. వీటి మధ్యలో ఒక చిన్న ముక్క ఉంది: "అబద్ధం స్యాదనర్థకమ్". బద్ధం అంటే కట్టినది. ఒకదానికొకటి కట్టి లేని మాటలు, అంటే పొంతన లేని, అర్థం లేని మాటలు అబద్ధం. అంతే, అందులో మోసం లేదు. అసత్యానికి అమరకోశం వితథం, అనృతం అని వేరే మాటలు ఇచ్చింది. తెలుగువాళ్ల చేతిలోకి వచ్చేసరికి అతుకు లేని మాట కాస్తా బొంకు అయింది. రోజుకు పదిసార్లు "అబద్ధం" అనేవాళ్లకు ఆ మాట ఒకప్పుడు పొంతన లేని వాగుడుకి పేరని తడుతుందా?

మ్లిష్టం అన్నది ఎక్కడో విన్నట్టుందంటే, అది మ్లేచ్ఛకి తోబుట్టువు. సంస్కృత క్రియల మూలరూపాల జాబితా ధాతుపాఠం. అందులో మ్లేచ్ఛ ధాతువుకి ఇచ్చిన అర్థం "అవ్యక్తే శబ్దే", అంటే స్పష్టం కాని శబ్దం చేయడం. దాని నుంచి మామూలుగా రావలసిన రూపం మ్లేచ్ఛితం. కానీ అస్పష్టం అనే అర్థంలో మాత్రం మ్లిష్టం అనాలని పాణిని ఒక సూత్రంలో విడిగా చెప్పాడు. మ్లేచ్ఛుడు అంటే మొదట మతమూ దేశమూ కాదు, మాట అర్థం కానివాడు. పాణిని వ్యాకరణం మీద పతంజలి రాసిన మహాభాష్యం మొదట్లోనే ఒక ముచ్చట ఉంది. అసురులు "హే అరయః", అంటే "ఓ శత్రువులారా" అనబోయి "హేలయో హేలయః" అన్నారట, ఓడిపోయారట. అందుకని మ్లేచ్ఛించకూడదు, అపశబ్దం పలకకూడదు అని తీర్మానం. రేఫ పలకాల్సిన చోట లకారం పలికారు, అంతే వాళ్లు చేసిన నేరం. ఈ కథ శతపథ బ్రాహ్మణంలోనూ కొద్ది తేడాతో ఉంది. గ్రీకులు కూడా తమకు అర్థం కాని భాష "బర్ బర్" అన్నట్టు వినిపిస్తే ఆ మనుషులకు బార్బరోస్ అని పేరు పెట్టారు. వినేవాడి చెవికి అర్థం కాకపోతే తప్పు పలికినవాడి నోటిదే అనడం రెండు చోట్లా ఒకటే.

ఇక్కడో పిడకల వేట. పాణినీయ శిక్షలో ఆ తప్పుల శ్లోకంలో మొదట నిలబడ్డ ఉపాంశువే జపంలో గొప్పదైంది. పెదవులు కదులుతూ పక్కవాడికి వినపడకుండా చేసే జపం ఉపాంశు జపం. విధి ప్రకారం చేసే యజ్ఞం కంటే జపం 10 రెట్లు, ఉపాంశువు 100 రెట్లు, మానసం 1000 రెట్లు అని మనుస్మృతి రెండో అధ్యాయం లెక్క కట్టింది. పాఠం చెప్పేటప్పుడు చేస్తే దోషం, మాల తిప్పేటప్పుడు చేస్తే నూరు రెట్ల పుణ్యం. తెలుగులో మాత్రం దీనికి గొణుగు వాడితే ఎగతాళే. "ఏవో మంత్రాలు గొణిగాడు" అన్నాడంటే ఆ రాసినవాడికి మంత్రం మీద గానీ చదివినాయన మీద గానీ గౌరవం లేదని అర్థం.

సంస్కృతం నుంచి మనం తెచ్చుకుని మార్చేసుకున్న ఇంకో మాట గద్గదం. ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో, నిదానస్థానం మొదటి అధ్యాయంలో, కఫంతో కూడిన వాయువు శబ్దాన్ని మోసే నాళాలను కప్పేస్తే మనిషి మూకుడో, మిన్మినుడో, గద్గదుడో అవుతాడని ఉంది. మూకుడు మాటే లేనివాడు, మిన్మినుడు ముక్కుతో మాట్లాడేవాడు, గద్గదుడు అక్షరాలు తప్పిపోతూ తడబడేవాడు. అంటే గద్గదం అక్కడ రోగ లక్షణం. తెలుగులో "గద్గద స్వరంతో" అంటే దుఃఖంతోనో ఆనందంతోనో గొంతు పూడుకుపోవడమే. వీడ్కోలు సభల వార్తల్లో వచ్చే ఈ మాటకు ఇప్పుడు వైద్యంతో సంబంధమే లేదు.

వైద్యం మాట వచ్చింది కాబట్టి, మాటల ఎంపిక నిజంగా ప్రాణం మీదికి వచ్చే చోటొకటి చెప్పాలి. నత్తి, ముద్దమాట, మాట పడిపోవడం అనేవి మూడూ వేరు. నత్తి ఉన్నవాళ్లకు ఏం చెప్పాలో తెలుసు, ఆ పదమూ తెలుసు, మొదటి అక్షరం దగ్గర మాట ఆగిపోతుంది లేదా అదే అక్షరం మళ్లీ మళ్లీ వస్తుంది. చాలామందికి చిన్నతనం నుంచే ఉంటుంది. భయం వల్లనో సిగ్గు వల్లనో తడబడటాన్ని నత్తి అనకూడదు. ముద్దమాటలో పదాలు సరైనవే, వరుసా సరైనదే, కానీ అక్షరాల అంచులు కరిగిపోతాయి. పన్ను పీకేముందు మత్తు ఇంజెక్షన్ చేసినప్పుడు, తాగినప్పుడు వచ్చేది ఇదే. మాట పడిపోవడం అంటే మాట అసలు రాకపోవడం. ఇవి కాక, నోరు బాగానే కదులుతున్నా "నీళ్లు" అనబోయి "తలుపు" అనడం, ఎదుటివాళ్లు చెప్పేది అర్థం కాకపోవడం ఇంకో రకం.

నిన్నటిదాకా బాగా మాట్లాడిన పెద్దాయన ఉన్నట్టుండి ముద్దముద్దగా మాట్లాడుతున్నా, మూతి ఒక పక్కకు జారినా, ఒక చెయ్యి పైకెత్తితే నిలవకుండా వాలిపోతున్నా, అది పక్షవాతం కావచ్చు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్‌కి లక్షణం మొదలైన దగ్గర్నుంచి సాధారణంగా 4.5 గంటలే గడువు, అందులోనూ ఎంత ముందైతే అంత మేలు. 108కి ఫోన్ చేసినప్పుడు "ఏదో గొణుగుతున్నాడండీ" అంటే అవతలివాళ్లకు ఏమీ తెలియదు. "పావు తక్కువ ఎనిమిదింటి దాకా బాగానే మాట్లాడారు, అప్పట్నుంచి మాట ముద్దగా వస్తోంది, కుడి చెయ్యి లేవట్లేదు" అని చెప్పాలి. చివరిగా బాగున్న సమయం ఎన్నింటికో చెప్పడం అన్నిటికంటే ముఖ్యం, వైద్యం దాన్నిబట్టే ఉంటుంది.

మళ్లీ రాతకొద్దాం. కథల్లో గొణుగుడు రాసేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. పాత్ర రెండు వరుసల పూర్తి వాక్యం, కర్తా కర్మా క్రియా చెక్కుచెదరకుండా అనేసిన తర్వాత "అని గొణిగాడు" అని తగిలిస్తారు. పాఠకుడు అప్పటికే స్పష్టంగా వినేశాడు, ఇప్పుడు గొణిగాడంటే నమ్మడు. దీనికి రెండు దారులున్నాయి. మాట కంటే ముందే చెప్పడం: "రామయ్య తల దించుకుని ఏదో గొణిగాడు. 'రేపు' అన్న ముక్క ఒక్కటే వినపడింది." లేదా మాటనే విరగ్గొట్టడం: "రేపిస్తా... అదే, మా బావ..." రెండోది రాస్తే "గొణిగాడు" అసలు అవసరం లేదు. ఇందులో ఇచ్చేది ఎవరో ఎగిరిపోయింది గమనించారా? ఇస్తాను అన్నాడా, ఇస్తాడు అన్నాడా? అప్పిచ్చినవాడు కూడా సరిగ్గా అదే అడుగుతాడు, సంభాషణ దానంతటదే ముందుకు సాగుతుంది.

సణుగుడు రాయాలంటే వాక్యం విరగ్గొట్టకండి, తిరగతిప్పండి. సణిగేవాళ్లు అక్షరాలు మింగరు, విషయం మళ్లీ మళ్లీ తెస్తారు, పైగా మనిషి పేరెత్తరు. "ఈ ఇంట్లో ఒకళ్లకి పట్టిందా... పొద్దున్నే లేచి పాలు కాచేది నేను, గిన్నె తోమేది నేను... పట్టిందా ఒకళ్లకి." చేతిలో పని ఆగదు, గిన్నెల చప్పుడు మాత్రం రవ్వంత పెరుగుతుంది.